బాబుకు ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఏ పరీక్షతో తేలుతుంది?

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ బాబుకు ఎనిమిదేళ్లు. కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదువుతున్నాడు. క్లాసులో కుదురుగా కూర్చోడని, రాతపని పూర్తి చేయడని, పక్కవాళ్లను కదిలిస్తాడని టీచర్లు రెండేళ్లుగా చెబుతున్నారు. ఒక కేంద్రానికి తీసుకువెళ్తే తలకు తీగలు తగిలించి బ్రెయిన్ మ్యాపింగ్ చేసి, అరగంటలో ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతి కదలిక, తొందరపాటు ఉండే సమస్య, అని కాగితం రాసిచ్చారు. మీ అత్తగారు మాత్రం మగపిల్లలు అంతేనని, వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనని అంటున్నారు. ఫోను ఇస్తే రెండు గంటలు కదలకుండా చూస్తాడు కాబట్టి ఏకాగ్రత లేదంటే మీకూ నమ్మబుద్ధి కావడం లేదు. ఇది నిజంగా ఏడీహెచ్‌డీయేనా, తేల్చుకోవడానికి ఏ పరీక్ష చేయించాలి, స్కూలు మార్చాలా అన్నవి మీ ప్రశ్నలు.

నేను నెల్లూరులో పిల్లల మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. సూటిగా చెప్పాలంటే, ఏడీహెచ్‌డీని నిర్ధారించే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ లేదు. బాబు పుట్టినప్పటి నుంచి ఇప్పటివరకు ఎలా ఎదిగాడు, ఇంట్లో ఎలా ఉంటాడు, బడిలో ఎలా ఉంటాడు అన్న వివరాలను వేర్వేరు మనుషుల నుంచి సేకరించి, వైద్యుడు స్వయంగా పరీక్షించి, ఇలాగే కనిపించే ఇతర సమస్యలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చిన తరువాతే ఆ పేరు పెట్టాలి. కాబట్టి ఆ కాగితాన్ని చూసి ఉందని నమ్మవద్దు. అత్తగారి మాటను బట్టి లేదని వదిలేయవద్దు. మీరు చెప్పిన వివరాలు పూర్తిస్థాయి పరిశీలన చేయించడానికి చాలినంత ఉన్నాయి.

ఇక దేని ఆధారంగా నిర్ధారిస్తారో చెబుతాను. మేము ఎక్కువగా అనుసరించేది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథంలోని ప్రమాణాలను. అందులో ఏకాగ్రతకు సంబంధించిన లక్షణాలు 9, అతి కదలికకూ తొందరపాటుకూ సంబంధించినవి 9 ఉంటాయి. బడి ఈడు పిల్లల్లో ఈ రెండు పట్టికల్లో కనీసం ఒకదానిలో 6 లక్షణాలు, 6 నెలలకు తగ్గకుండా, ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఉండేదానికంటే ఎక్కువగా కనిపించాలి. వాటిలో కొన్నయినా 12 ఏళ్లు రాకముందే మొదలై ఉండాలి. ఇల్లు, బడి, ట్యూషన్ వంటి చోట్లలో కనీసం రెండింటిలో అగుపించాలి. వాటివల్ల చదువుకో, స్నేహాలకో, ఇంటి బతుకుకో నిజంగా నష్టం జరుగుతూ ఉండాలి. మరొక కారణంతో వాటిని ఇంతకంటే బాగా వివరించగలిగే పరిస్థితి ఉండకూడదు.

లక్షణాల లెక్క దగ్గర పెద్దగా పొరపాట్లు జరగవు. రెండు చోట్ల కనిపించాలన్న నియమం దగ్గర, మరో కారణం ఉండకూడదన్న నియమం దగ్గర చాలా జరుగుతాయి. పిల్లవాడు బడిలో మాత్రమే అస్థిమితంగా ఉండి, ఇంట్లోనూ ట్యూషన్‌లోనూ బాగానే ఉంటే ముందుగా బడి వైపు చూడాలి. అక్కడ అతనికి చదవడం రాకపోవచ్చు, ఎవరైనా కొడుతూ ఉండవచ్చు, తెలుగులో చదువుతున్న పిల్లవాణ్ణి ఉన్నట్టుండి ఇంగ్లీషు మీడియంలో వేసి ఉండవచ్చు. ఇంట్లో మాత్రమే అల్లరి చేస్తూ బడిలో పేరు తెచ్చుకునే పిల్లవాడైతే ఇంటి వైపు చూడాలి. అమ్మ వద్దన్నది అమ్మమ్మ ఇస్తుందని తెలిసిన పిల్లవాడు ఎవరి మాటా వినడు. అది జబ్బు కాదు.

అందుకే టీచర్ రాసిచ్చే కాగితం నాకు ఏ రిపోర్టుకంటే కూడా విలువైనది. అయితే ఎలా రాశారన్నది ముఖ్యం. డైరీలో ఎర్ర సిరాతో 'వెరీ నాటీ, నో కాన్సంట్రేషన్' అని ఉంటే దానివల్ల నాకు తెలిసేది ఏమీ లేదు. ఈ మధ్య ఒక ఉపాధ్యాయురాలు ఇలా రాసి పంపారు: లెక్కల పీరియడ్‌లో బోర్డు మీద అయిదు లెక్కలు ఇస్తే రెండు దించుకున్నాడు, పెన్సిల్ చెక్కుకోవడానికని మూడుసార్లు లేచాడు, మిగతా మూడూ నోటితో అడిగితే చెప్పగలిగినవే అయినా రాయకుండా వదిలేశాడు, పక్కపిల్ల జవాబు చెబుతుండగానే అడ్డుపడి తాను చెప్పేశాడు. ఈ నాలుగు ముక్కల్లో నాకు కావలసినదంతా ఉంది. మీరూ క్లాస్ టీచర్‌ను, వీలైతే మరో సబ్జెక్టు టీచర్‌ను ఇలా రాసిమ్మని మర్యాదగా అడగండి. వాండర్‌బిల్ట్, కానర్స్ వంటి ప్రశ్నావళులు కూడా ఉన్నాయి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం వాడే వాండర్‌బిల్ట్ పత్రంలో తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు, టీచర్లకు 43 ప్రశ్నలు ఉంటాయి. అవి సమాచారాన్ని క్రమంగా రాబట్టడానికి పనికొస్తాయి తప్ప, అందులో వచ్చిన మార్కులే నిర్ధారణ కాదు. పత్రం నింపించి మార్కులు కూడి ఏడీహెచ్‌డీ అని చెప్పేవారు ఉంటే అక్కడ కూడా పని సగమే జరిగినట్టు.

ఫోను ముందు రెండు గంటలు కూర్చుంటాడు కదా అన్న మీ సందేహం దాదాపు ప్రతి ఇంటి నుంచీ వస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు శ్రద్ధ అసలే ఉండదని కాదు. ఆసక్తి లేని పని మీద, ఫలితం వెంటనే కనిపించని పని మీద శ్రద్ధను నిలబెట్టుకోలేకపోవడమే వాళ్ల ఇబ్బంది. ఫోనులోని ఆట ప్రతి కొద్ది క్షణాలకూ రంగు మారుస్తుంది, శబ్దం చేస్తుంది, పాయింట్లు ఇస్తుంది. ఎక్కాలు రాయడంలో అవేవీ లేవు. కాబట్టి ఫోను చూడగలగడం ఏడీహెచ్‌డీ లేదనడానికి రుజువు కాదు. ఎక్కువ చూడటం ఉందనడానికీ రుజువు కాదు. ఈ సమస్య ఫోన్లు వచ్చాక పుట్టినదీ కాదు. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు తెలివి బాగానే ఉన్నా తమను తాము అదుపు చేసుకోలేని, శ్రద్ధ నిలవని పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలు ఇచ్చాడు.

మీ అత్తగారి మాటను కూడా నేను తేలిగ్గా తీసుకోను. వాళ్ల నాన్న కూడా అంతే అన్నది ఏడీహెచ్‌డీ లేదనడానికి సాక్ష్యమని ఆమె అనుకుంటున్నారు. వైద్యుడి చెవికి అది మరోలా వినిపిస్తుంది. ఈ సమస్య వంశపారంపర్యంగా బలంగా వస్తుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు చూపిస్తున్నాయి. కాబట్టి బాబు వాళ్ల నాన్నగారిని కూడా తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. చిన్నప్పుడు చదువు ఎలా సాగింది, మధ్యలో ఆగి ఉంటే ఎందుకు ఆగింది, ఇప్పుడైనా మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేయగలుగుతున్నారా అని ఆయనను కూడా అడగవలసి ఉంటుంది.

ఏడీహెచ్‌డీలా కనిపించే ఇతర సమస్యల గురించి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే అరగంటలో కాగితం రాసిచ్చే చోట వదిలేసేది సరిగ్గా ఈ భాగాన్నే.

మొదట నిద్ర. పొదలకూరు వైపు నుంచి నాలుగో తరగతి పిల్లవాణ్ణి స్కూలువాళ్లు ఏడీహెచ్‌డీ అని చెప్పి పంపారు. అన్నీ అడిగిన తరువాత రాత్రి ఎలా పడుకుంటాడని అడిగితే వాళ్లమ్మ, 'నోరు తెరుచుకుని గురక పెడతా ఉంటాడు సార్, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడు' అని చెప్పింది. ముక్కు వెనక ఎడినాయిడ్లు అనే కండ, గొంతులో టాన్సిళ్లు పెరిగి రాత్రంతా గాలి సరిగా అందడం లేదు. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే మందకొడిగా ఉంటారు. పిల్లలు చాలామంది అందుకు విరుద్ధంగా చిరాకుగా, నిలకడ లేకుండా తయారవుతారు. చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గర ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలల్లో ఆ పిల్లవాడి తీరు ఎంతో మారింది. గురక లేకపోయినా నిద్ర గంటలు లెక్కపెట్టండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండున్నర దాకా ఇంటిల్లిపాదీ టీవీ చూసి, పొద్దున ఏడింటికి స్కూలు వ్యాను ఎక్కే పిల్లవాడికి అది ఎక్కడ దొరుకుతుంది?

రెండోది చాలా తరచుగా తప్పిపోయేది, చిన్నపాటి మూర్ఛ. పాఠం మధ్యలో దిక్కులు చూస్తుంటాడని, పిలిచినా పలకడని, పలికాక ముందు చెప్పింది తెలియదంటాడని ఒక పిల్లవాడి గురించి టీచర్ రాశారు. పరీక్ష గదిలో అతని ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని, మూడు నిమిషాలపాటు గట్టిగా ఊపిరి తీసి దాని మీద ఊదుతూ ఉండమన్నాను. రెండో నిమిషంలో ఊదడం ఆగిపోయింది, చూపు నిలబడిపోయింది, రెప్పలు సన్నగా అదిరాయి. పది సెకన్లు గడవకముందే ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెట్టాడు. తల్లి పక్కనే ఉండి కూడా వాడు అలసిపోయి ఆగాడనుకుంది. దీన్ని ఆబ్సెన్స్ మూర్ఛ అంటారు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష అవసరమైనది ఇలాంటి అనుమానం ఉన్నచోటే. మూర్ఛ మందులతో ఇది చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇంట్లో మీరు ఇలా ఊదించి చూడవద్దు. అది వైద్యుడి ఎదుటే జరగాలి.

మూడోది చదవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది. మన జిల్లాల్లో ఏడీహెచ్‌డీ పేరుతో వచ్చే పిల్లల్లో దీన్ని నేను తరచుగా చూస్తాను. ఈ పిల్లవాడు లెక్కలు నోటితో చకచకా చెబుతాడు, కథ వింటే మళ్లీ పొల్లు పోకుండా చెబుతాడు, పుస్తకం తెరవగానే మాత్రం కుర్చీలో మెలికలు తిరుగుతాడు, దాహమంటాడు, బాత్‌రూమ్ అంటాడు. మూడో తరగతికి వచ్చినా ఒత్తులు వదిలేసి 'ఎద్దు'ను 'ఎదు' అని రాయడం, గుణింతాల్లో దీర్ఘాలు తప్పడం, వాక్యంలో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదవడం కనిపిస్తాయి. తనకు రాని పనిని గంటల తరబడి చేయమంటే ఏ మనిషీ కుదురుగా కూర్చోడు. చిక్కేమిటంటే ఈ రెండు సమస్యలూ ఒకే పిల్లవాడిలో కలిసి ఉండటం కూడా మామూలే. అందువల్ల ఒకటి దొరికిందని రెండోదాన్ని వెతకడం మానకూడదు. వీటిని క్లినికల్ సైకాలజిస్టు చదువు పరీక్షలతోనూ, తెలివితేటల పరీక్షతోనూ విడదీసి చూస్తారు. ఆ పరీక్షలు ఏడీహెచ్‌డీని నిర్ధారించవు. పిల్లవాడి శక్తికీ అతని మార్కులకూ మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. పరీక్షల్లో అదనపు సమయం వంటివి కావాలనుకునే తల్లిదండ్రులకు ఈ తేడా తెలిసి ఉండాలి.

మిగతావాటిని త్వరగా చెబుతాను. వినికిడి, చూపు పరీక్ష చేయించనిదే ముందుకు వెళ్లకూడదు. పిల్లవాడు పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు చూడాలి. థైరాయిడ్ పరీక్ష దాని ఇతర లక్షణాలు ఉంటేనే అవసరం. ఫిట్స్ కోసం ఫినోబార్బిటోన్ వాడుతున్న పిల్లలు ఆ మందు వల్లే అతిగా కదలవచ్చు, కాబట్టి బాబు ఏ మందులు వాడుతున్నాడో అన్నీ చెప్పండి. తండ్రి గల్ఫ్‌కు వెళ్లిన కొత్తలో, ఇంట్లో గొడవలు జరుగుతున్న రోజుల్లో, దగ్గరివాళ్లు పోయినప్పుడు పిల్లల దిగులు కూడా అల్లరిగానే బయటపడుతుంది. అలాంటి మార్పు ఫలానా నెల నుంచి మొదలైందని తల్లి చెప్పగలుగుతుంది. ఏడీహెచ్‌డీకి అలాంటి మొదటి నెల ఉండదు, అది చిన్నప్పటి నుంచీ తోడుగా వస్తుంది.

వయసును క్లాసుతో పోల్చి చూడండి. మన దగ్గర మూడేళ్లు నిండీ నిండకుండానే ఎల్‌కేజీలో వేస్తాం. ఒకే క్లాసులో పది పన్నెండు నెలల తేడా ఉన్న పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. క్లాసులో అందరికంటే చిన్నవాళ్లకు ఏడీహెచ్‌డీ పేరు ఎక్కువగా పడుతోందని పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. వాళ్లు రోగులు కారు, వయసులో వెనక ఉన్నవాళ్లు. అలాగే తెల్లవారుజామున మొదలుపెట్టి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్లు నడిపే రెసిడెన్షియల్ స్కూల్లో ఎనిమిదేళ్ల పిల్లవాడు కదులుతున్నాడంటే, తప్పు ముందు ఆ గంటల పట్టికలో వెతకాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇన్ని జాగ్రత్తలు చెప్పానని ఏడీహెచ్‌డీ అరుదనుకోవద్దు. ప్రపంచవ్యాప్తంగా బడి ఈడు పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే అరవైమంది ఉన్న క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉండవచ్చు. వాళ్లలో అల్లరి చేయని పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎవరి కంటా పడకుండా పోతున్నారు. ఒంగోలు నుంచి ఆరో తరగతి అమ్మాయిని మార్కులు పడిపోతున్నాయని తీసుకువచ్చారు. బడి నుంచి ఆమె మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నోట్‌బుక్కులు తెప్పించి చూస్తే ప్రతి పేజీలోనూ తేదీ, శీర్షిక, మొదటి మూడు నాలుగు వరుసలు ముత్యాల్లా ఉన్నాయి. తరువాత అక్షరాలు పెద్దవవుతాయి, మాటలు ఎగిరిపోతాయి, పేజీ సగంలో ఆగిపోయి కొత్త పేజీలో మరో పాఠం మొదలవుతుంది. లెక్కల పుస్తకంలో పద్ధతి అంతా సరిగా ఉండి, కూడిక గుర్తును తీసివేతగా చూసినందువల్ల జవాబు తప్పింది. ఆ ఏడాదిలోనే జామెట్రీ బాక్సులు ఎన్ని పోగొట్టుకుందో తల్లి లెక్క మరిచిపోయింది. ఒకటో తరగతి నుంచి దాచిన పుస్తకాల్లోనూ ఇదే తీరు కనిపించింది. ఇంట్లో స్నానానికి పంపితే దారిలో కిటికీ దగ్గర నిలబడిపోయే పిల్ల, బడిలో పాఠం మధ్యలో తన లోకంలో ఉండే పిల్ల. మిగతావన్నీ పరీక్షించి తోసిపుచ్చాక ఏకాగ్రత లోపం ప్రధానంగా ఉండే రకం ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాము. అన్నేళ్లూ ఆ పిల్లను అందరూ సోమరి అన్నారు. నిర్ధారణ ఆలస్యమైతే పిల్లలు నష్టపోయేది మార్కులు మాత్రమే కాదు, తాము పనికిరానివాళ్లమన్న నమ్మకం వాళ్లలో గట్టిపడుతుంది.

వైద్యుడి గదిలో బాబు బుద్ధిగా కూర్చున్నాడని ఏడీహెచ్‌డీ లేదనుకోవద్దు. కొత్త చోటు, కొత్త మనిషి, తన ఒక్కడి మీదే అందరి దృష్టి ఉన్నప్పుడు చాలామంది పిల్లలు కాసేపు తమను తాము నిలబెట్టుకుంటారు. కంప్యూటర్ మీద చేసే ఏకాగ్రత పరీక్షలో మంచి ఫలితం వచ్చినా అంతే. మీకు చేసిన బ్రెయిన్ మ్యాపింగ్ విషయానికి వస్తే, అది మెదడులోని విద్యుత్ తరంగాలను రంగుల బొమ్మగా చూపే ఈఈజీ. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు కొన్ని భాగాల్లో కొంత ఆలస్యంగా ఎదుగుతుందని పరిశోధనలు చూపించిన మాట నిజమే. అయితే అవి వందల మంది పిల్లల సగటును పోల్చి చెప్పినవి. వాటిని పట్టుకుని ఒక్క పిల్లవాడి బొమ్మ చూసి ఉందనో లేదనో చెప్పలేము.

మరొక మాట కూడా వినిపిస్తుంటుంది. మందు వేసి చూద్దాం, కుదుటపడితే ఏడీహెచ్‌డీ అని తేలినట్టే అంటారు. ఇది సరికాదు. మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు ఏడీహెచ్‌డీ లేనివారిలో కూడా శ్రద్ధను కొంత పెంచగలవు. మన దేశంలో ఆ మందు షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది, వైద్యుడి చీటీ మీద కట్టుదిట్టమైన నిబంధనలతోనే అమ్మాలి. నిర్ధారణ సరిగా జరిగి, ఆరేళ్లు దాటిన పిల్లలకు అవసరమైనచోట అది బాగా పనిచేసే మందే. మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు చూసి, కుటుంబంలో గుండెజబ్బుల గురించి అడగాలి. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం గమనిస్తూ ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లల్లో ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి పిల్లల ప్రవర్తనను దారిలో పెట్టే పద్ధతినే అనుసరిస్తాం.

మీరు వెళ్లవలసింది పిల్లల మానసిక వైద్యుడి దగ్గరకు గానీ, పిల్లల ఎదుగుదల సమస్యల్లో శిక్షణ పొందిన పిల్లల వైద్యుడి దగ్గరకు గానీ. ఖర్చు ఇబ్బంది అయితే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలను సంప్రదించండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో గుర్తించవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది కాబట్టి, ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు బడికి వచ్చే ఆరోగ్య బృందాన్ని అడగవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు 14416 నంబరులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వెళ్లేటప్పుడు ఈ ఏడాది నోట్‌బుక్కులు, దొరికితే పాత తరగతులవి, ప్రోగ్రెస్ కార్డులు, టీచర్లు రాసిచ్చిన కాగితాలు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, వారం రోజులపాటు బాబు ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచాడో రాసిన చీటీ తీసుకువెళ్లండి. ఆ కేంద్రం ఇచ్చిన కాగితాన్ని కూడా చూపండి, కానీ అన్నీ చెప్పాక చివర్లో చూపండి. ఒక్కసారి చూసి తేల్చలేదని విసుగుపడవద్దు. రెండు మూడు సార్లు రమ్మనడం ఈ విషయంలో మంచి వైద్యానికే గుర్తు.

స్కూలు మార్పు గురించి అడిగారు. పరిశీలన పూర్తయ్యేదాకా మార్చవద్దు. మారిస్తే రెండేళ్లుగా బాబును చూసిన టీచర్ల సాక్ష్యం పోతుంది. కొత్త చోట అతను స్థిమితపడటానికే కొన్ని నెలలు పడుతుంది, అప్పుడు కనిపించే అలజడి దేనివల్లో చెప్పడం మరింత కష్టమవుతుంది. ఈలోగా క్లాస్ టీచర్‌తో మాట్లాడి, ముందు వరుసలో కిటికీకీ తలుపుకూ దూరంగా కూర్చోబెట్టమని, పది లెక్కలు ఒకేసారి కాకుండా మూడేసి ఇచ్చి చూడమని, నల్లబల్ల తుడవడం, పుస్తకాలు పంచడం వంటి లేచి తిరిగే పనులు అతనికి అప్పగించమని కోరండి. నెల తరువాత అదే టీచర్ చేత ఏం మారిందో, ఏం మారలేదో మళ్లీ రాయించి, ఆ కాగితాన్ని కూడా వైద్యుడికి ఇవ్వండి.